మేక నోరు కట్టిన మొక్క

"బాలయ్య నోరు పడిపోయి మూడు దినాలాయె. మీ అందరిల ఒక్కడంటే ఒక్కడు ఆయన పనిచేసే మగ్గం కాడికి పోయిండా? పోలే. అన్నం గిన్నె కాడికి పోయిన్రు. గిన్నె మోసుకొచ్చిన బిడ్డ కాడికి పోయిన్రు. అడిగేటోళ్లు లేని మనిషిని ఎతికి పట్టుకునుడే మీ పరిశోధన."

శుక్రవారం పొద్దున ఏడున్నరకు, జగిత్యాలల నా గదిల, నా కుర్చీలనే కూసున్న సురేందర్ మొఖం మీద అన్న మాటలివి. ఆయన పోలీసుల ఇరవై తొమ్మిదేండ్లు చేసి దిగిపోయిండు. ఇప్పుడు బస్టాండు ఎదురుంగ పెద్ద బోర్డు పెట్టుకొని పెద్దమనుషులకు పరిశోధన చేసిపెడ్తడు. నేను కూడ అదే పని చేస్త గని నాకు బోర్డు లేదు. కింద టైర్ల పంచర్ దుకాణం, పైన నేను. నా పేరు ఊర్మిల. ఎనిమిదో తరగతిల బడి బందు పెట్టి, పదకొండేండ్లు సిరిసిల్ల పవర్లూముల మీద నిలబడ్డదాన్ని. చట్టం గిట్టం నేర్చుకున్నదంతా పాత పుస్తకాలు ముందటేసుకొని నాకు నేను నేర్చుకున్నదే.

నా ఎన్క గోడకు ఆనుకొని స్వరూప నిలబడ్డది. బాలయ్య బిడ్డ. కోరుట్లల మొక్కల నర్సరీల కూలికి పోతది. పొద్దుగాల ఆరింటికే వచ్చి నా తలుపు కొట్టింది. కండ్లల్ల నీళ్లు లెవ్వు. నాకది నచ్చింది.

సురేందర్ కోపానికి రాలే. ఆయన కోపానికి రాడు, అదే ఆయన తెలివి. సంచిలకెల్లి టైపు చేసిన కాగితం తీసి బల్ల మీద పెట్టి, పెన్ను మూత కూడ తీసి పక్కన పెట్టిండు. కాగితం స్వరూప పేరు మీద ఉన్నది. మంగళవారం పొద్దున మా నాయనకు తెచ్చిన చామాకు పప్పులో, నేను పనిచేయు నర్సరీలోని, మూగచెట్టు అని పిలువబడు విషపు మొక్క ఆకు పొరపాటున కలిసినది అని రాసి ఉన్నది.

"సంతకం పెడ్తే పొరపాటు కింద పోతది," అన్నడు. "పెట్టకపోతే సాయంత్రం అయిదింటికి పోలీసులు కావాలని చేసినట్టు రాస్తరు. కన్నతండ్రికి విషం పెట్టుడంటే ఎన్నేండ్లో నీకు తెలుసు ఊర్మిలా. పిల్ల బతుకు ఎందుకు కరాబు చేస్తవు?"

అయిదింటికి ఇంకో సంగతి కూడ ఉన్నది. దాన్ని ఆయన ఎత్తలే, నేను ఎత్తిన. రెండు నెలల కింద సిరిసిల్లల సాగర్ సేటు షెడ్డుల మొగిలవ్వ అనే ఆమె కండెలకు నూలు చుట్టుకుంట చుట్టుకుంట, తొడుగు ఊడిన మోటరు వైరు తగిలి సచ్చిపోయింది. ఆ దినం ఆమె పనిల లేదు, ఊరికే మాట్లాడిపోదామని వచ్చింది అని సాగర్ రాసిచ్చిండు. కాదు, పనిలనే ఉన్నది, ఆ వైరు సంగతి రెండుసార్లు సేటుకు చెప్పినం అని అనేటందుకు ఒక్కడే ముందుకొచ్చిండు. బాలయ్య. విచారణ మంగళవారం పదకొండింటికి. ఎనిమిదీ యాభైకి ఆయన నాలుక వాచి బయటికొచ్చింది. అధికారి దాన్ని ఇయ్యాల అయిదింటికి జరిపిండు. ఇయ్యాల కూడ సాక్షి చెప్పకపోతే ఆ ఫైలు మూస్తరు.

"గా రెండిట్లకు లంకె పెట్టకు," అన్నడు సురేందర్.

"నేను పెట్టలే సారూ. గడియారం పెట్టింది."

ఆయన నవ్విండు. పంచర్ దుకాణం మీద కూసున్నోళ్లకు అంతట గాలే కనవడ్తది అన్నడు. మనిషి ఎదుటోన్ని ఎక్కిరించేటప్పుడు జాగ్రత్త తప్పుతడు, ఆయన కూడ తప్పిండు. సాగర్ సేటు ఎంత మంచోడో చెప్పబట్టిండు. మంగళవారం పగటీలి పన్నెండు గొట్టకముందే ఫోన్ చేసి, మా బాలయ్యకు ఇట్లయింది, ఫలానా చెట్టు, పేరు మూగచెట్టట, బిడ్డ నర్సరీల చేస్తది, జర చూడుండ్రి అని కేసు అప్పజెప్పిండట. పనోని మీద అంత ప్రేమ, అంత పావురం ఎవరికుంటది అన్నడు. 'మంగళవారం పన్నెండు, చెట్టు పేరుతోటి' అని నేను చీటీ మీద రాసుకున్న. ఎందుకు రాసుకున్ననో ఆయన అడగలే.

"నేను సంతకం పెట్ట," అన్నది స్వరూప గోడ కాడికెల్లి. గదిల ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "మా నాయిన నోరు లేసినంక నన్ను అడుగుతడు గదా, నువ్వే పెట్టినవా బిడ్డా అని. నేనేం చెప్పాలె?"

సురేందర్ పెన్నుకు మూత పెట్టుకొని పోయిండు. కాగితం మాత్రం బల్ల మీదనే ఇడిచిపెట్టిండు.

నేను స్వరూపను కూసోబెట్టి టైములు అడిగిన. కోరుట్లల బస్సు అయిదూ అయిదుకు ఎక్కింది. సిరిసిల్లల ఏడూ పదికి దిగింది. ఏడున్నరకు బాలయ్య తిన్నడు, ఆయన భార్య లింగవ్వ కూడ అదే గిన్నెలకెల్లి పెట్టుకొని తిన్నది. ఎనిమిదింటికి ఆయన షెడ్డుల ఉన్నడు. డబ్బ కట్టుకపోలే, విచారణకు పోయేదున్నది గద, పదింటికే ఇంటికొస్తా అన్నడట. తిన్నదానికి, నోరు పడిపోయినదానికి నడుమ ఎనభై నిమిషాలు.

"ఆ మొక్క పసరు తగిల్తే ఎంత సేపటికి మంట లేస్తది?" అన్న.

"చేతికైతే కొంచెం సేపటికి దురద. నోట్లకైతే నాకు తెల్వది అక్కా. గంగవ్వను అడుగు. ఆమె మేక తిన్నది."

తొమ్మిదిన్నరకు కోరుట్లల ఉన్నం. నర్సరీ గంగవ్వది. అరవై ఏండ్ల మనిషి, మోచేతుల దాక మట్టి. నేనెవరో చెప్పంగనే స్వరూపను దగ్గరికి గుంజుకొని, నన్ను మీదికెల్లి కిందికి చూసింది. మొక్క చూపియ్యుమన్న. పచ్చటి పెద్ద ఆకులు, నడుమ సున్నం చల్లినట్టు తెల్ల మచ్చలు, చెరుకు గడ లెక్క కణుపుల బోదె. ఎండకాలం, చలికాలం ఎప్పుడు పచ్చగనే ఉంటది, నీడల పెట్టినా సావది, అందుకే ఇండ్లల్ల, ఆఫీసులల్ల, దవాఖానల వరండలల్ల అంతట ఇదే.

పేరేందని అడిగిన. ఒక పేరైతే చెప్పొచ్చన్నది. కొనొచ్చినోళ్లు చుక్కల మొక్క అంటరు, కొందరు ఆఫీసు మొక్క అంటరు. హైదరాబాదుకెల్లి వచ్చే కుండీల మీద ఇంగ్లీషుల డంబ్ కేన్ అని చీటీ ఉంటది. సిరిసిల్ల మగ్గాలోళ్లు సేటు చెట్టు అంటరట, సేట్ల అద్దాల గదులల్ల తప్ప ఇంకెక్కడ చూడరు గనుక. "మా ఇంట్ల మాత్రం మేక నోరు కట్టిన మొక్క," అన్నది. మూగచెట్టు అనే పేరు ఆమె ఎన్నడు ఇనలేదట.

"మేకకు ఎంత సేపట్ల పట్టింది?"

"సేపేంది బిడ్డా. నమిలింది, అంతే. మింగనే లేదు. అక్కడ కుండీ, ఇక్కడ నేను. నేను పది అడుగులేసి పోయేసరికి నాలుక బయటికి, నురుగు కారవట్టె. రెండు దినాలు అరవలే. కంద దురద తెలుసు గదా, అది దీని ముందట దేనికి సరిపోదు."

పది అడుగులు. ఎనభై నిమిషాలు. సురేందర్ కాగితం అక్కడ్నే చినిగిపోయింది. ఇంట్ల తిన్నదాంట్ల ఆ ఆకు ఉంటే బాలయ్య ఇంట్లనే, ముద్ద చేతుల ఉండంగనే పడిపోవాలె. మగ్గం దాక నడిచిపోడు.

కొనేటోళ్లకు గీ సంగతి చెప్తవా అని అడిగిన. ఆమె తలకాయ దించుకున్నది. చెప్తే కొంటరా అన్నది. చిన్నపిల్లలున్న ఇండ్లకు నోరు మూసుకొని విషం అమ్ముతున్నవు అని గట్టిగనే అన్న. ఆమె కూడ గట్టిగనే అన్నది: "అందరు అమ్ముతున్నరు. నన్నొక్కదాన్నే అంటవా?" ఒక్కలకు మాత్రం చెప్పిన అన్నది. దసరా ముందట సిరిసిల్లకెల్లి కారుల ఒక సేటు వచ్చిండు. పేరు సాగర్. అద్దాల గదికని మూడు పెద్ద కుండీలు తీసుకున్నడు. ఆయన అల్లుడో కొడుకో చిన్నోళ్లుంటరేమో అని మేక ముచ్చట చెప్పింది. ఆయన పడిపడి నవ్విండట. మాటలెక్కువైనోళ్లకు మంచి మందు అన్నడట.

స్వరూప నా చెయ్యి పట్టుకున్నది. నేను తొందరపడొద్దన్న. నవ్వినోనికి శిక్ష లేదు. ఆ పసరు బాలయ్య నోట్లకు ఎట్ల పోయింది? ఎనిమిదీ యాభైకి షెడ్డుల ఆయన ఏం తిన్నడు, ఏం తాగిండు? అది తెల్వకపోతే మా దగ్గర ఉన్నది ఒక మేక కత.

వేములవాడ మీదికెల్లి సిరిసిల్ల దవాఖానకు పన్నెండూ నలభైకి చేరినం. బాలయ్య మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నడు. మూతి ఇంక ఉబ్బే ఉన్నది, గని కండ్లు మెలకువతోటి ఉన్నయి. నన్ను గుర్తుపట్టిండు. పదమూడేండ్లప్పుడు ఆయన పక్క మగ్గం మీదనే నేను పని నేర్చుకున్న. లింగవ్వ ఆయన కాళ్ల కాడ కూసొని ఉన్నది. బిడ్డను చూసి లేచి, ఏం మాట్లాడకుంట కొంగుతోటి ఆమె మొఖం తుడిచింది.

నర్సమ్మను అడిగిన. డాక్టరు ఫలానా మొక్క అని కాగితం మీద ఎప్పుడు రాసిండు? బుధవారం సాయంత్రం ఆరింటికి అన్నది. మంగళవారం అంతా ఏం తెల్వక, పురుగు కుట్టిందనో మందు పడలేదనో చూసిన్రట. నా చీటీ తీసి దాని పక్కన ఆ టైము కూడ రాసుకున్న. నోట్ల ఎక్కడెక్కడ కాలిందని అడిగిన. పెదవుల నడుమ, ముందు పండ్ల ఎన్క, నాలుక కొస, అంగిలి ముందు భాగం. దవడల లోపల? చిగుళ్లకు ఎన్క? అక్కడ ఏం లేదన్నది.

ఆకు నమిలినోనికి దవడలు కాలాలె. ఈయన నమలలే. పీల్చిండు.

గా ముచ్చట నా నోటికి వచ్చేసరికి బాలయ్య కుడి చెయ్యి లేసింది. రెండు వేళ్లు దగ్గరకు పెట్టి, పెదవుల కాడికి తెచ్చి, చప్పుడు రాకుంట పీల్చినట్టు చేసిండు. మల్ల చేసిండు. నర్సమ్మ నీళ్ల గ్లాసు అందుకున్నది. లింగవ్వ నెత్తి కొట్టుకున్నది.

"మూడు దినాల సంది ఇదే బిడ్డా. బీడీ అడుగుతుండు. పానం పోతున్నా బీడీనే కావాలె ఈయనకు."

బాలయ్య కండ్లు మూసుకున్నడు. అట్ల కండ్లు మూసుకునుడు నేను చాలా మందిల చూసిన. చెప్పి చెప్పి యాష్టకొచ్చినోళ్లు మూసుకుంటరు. నేను మంచం అవుతలి దిక్కు పోయిన. ఎడమ చేతికి సెలైన్ సూది ఉన్నది, కదలకుంట అట్ట పెట్టి కట్టిన్రు. ఆ కట్టు లోపల వేళ్లు ఒంగి ఉన్నయి. ఏదో పట్టుకున్నట్టు. మూరెడు కంటె చిన్నదాన్ని, పడవ లెక్క ఉండేదాన్ని, అడుగుకెల్లి పట్టుకున్నట్టు. ఆ పట్టు నా ఎడమ చేతికి ఇప్పటికి తెలుసు.

"కాక," అన్న. "నాడెనా?"

ఆయన కండ్లు తెరిచిండు. తల రెండుసార్లు ఊపిండు. కండ్ల కొసలకెల్లి నీళ్లు దిండు మీదికి కారినయి.

మగ్గం తెల్వనోళ్లకు చెప్తున్న. నాడె అంటే మగ్గంల అటు ఇటు ఉరుకుకుంట అడ్డ దారం ఏసే కట్టె పడవ. దాని కడుపుల దారం చుట్టిన కండె ఉంటది. పక్కకు చిన్న బెజ్జం ఉంటది, దాన్ని నాడె కన్ను అంటం. కండె అయిపోయినప్పుడల్ల కొత్తది వేసి, నాడెను ఎడమ చేతుల పట్టుకొని, ఆ కన్నుకు మూతి ఆనిచ్చి గట్టిగ పీలుస్తం. దారం కొస బయటికొస్తది, కుడి చేతితోటి గుంజుతం. దారం గుచ్చెటందుకు కొక్కెం ఉన్నది, గని కొక్కెం పట్టుకుంటే మగ్గం ఆగుతది, మగ్గం ఆగితే సేటు అరుస్తడు. అందుకని ఎవ్వరు పట్టరు. నాలుగు మగ్గాలు నడిపేటోడు పొద్దుందాక వందలసార్లు పీలుస్తడు. ఎర్ర నూలైతే ఉమ్మి ఎర్రగ, నల్ల నూలైతే ఉమ్మి నల్లగ. పెండ్లయి ముప్పై అయిదేండ్లు ఆయన మూతి మీద ఆ రంగులు చూసిన లింగవ్వ కూడ, ఒక చెయ్యి కట్టేసి ఉండేసరికి సగం సైగనే చూసి బీడీ అనుకున్నది.

స్వరూపకు అక్కడ్నే ఉండుమని చెప్పిన. ఎవరొచ్చి ఏం చెప్పినా నాయిన మంచం ఇడువొద్దన్న.

షెడ్డుకు పోయేసరికి రెండూ నలభై అయింది. సురేందర్ కారు ముందే ఉన్నది. సాగర్ అద్దాల గదిల కూసొని ఉన్నడు, ముప్పై ఆరేండ్లు ఉంటయి, చేతుల ఫోను. తలుపు మూస్తే నలభై మగ్గాల చప్పుడు దూరంగ వాన కొట్టినట్టు ఇనవడ్తది. మూల మూడు కుండీలు. రెండిట్ల మూడేసి బోదెలు. మూడోదాంట్ల రెండు, ఇంకొకటి జానెడు ఎత్తుల కోసి ఉన్నది. కోసిన కాడ ఎండి గోధుమ రంగు తిరిగింది.

"పండుటాకులు తీసేసిన అక్కా," అన్నడు సాగర్, నేను అడుగకముందే.

"పండుటాకు తీస్తే బోదె ఉండాలె గదా సేటూ."

సురేందర్ నడుమ దూరిండు. నా చేతుల వారంటు లేదు, ఇంకొకల జాగల అనుమతి లేకుంట తిరుగుతున్న అన్నడు. సేటు అనుమతి ఇస్తడు, ఎందుకియ్యడు, ఆయనకు బాలయ్య మీద మస్తు పావురం గదా అన్న. సాగర్ ముందట ఇద్దరం చూస్తున్నం. ఇయ్యను అనలేకపోయిండు.

బాలయ్యది పద్నాలుగో మగ్గం. మంగళవారం సంది దాన్ని ఎవ్వరు నడుపుతలేరు, అచ్చిరాని మగ్గమని భయం. నాడె పెట్టె చూసిన. ఖాళీ. మేస్త్రీ గంగయ్యను పిలిచిన. అరవై దాటినడు, సాగర్‌కు సొంత మేనమామ, చిన్నప్పుడు ఆయన్ను ఎత్తుకొని పెంచినోడు. మగ్గాల చప్పుడుల ఏం ఇనవడది గనుక అందరం మల్ల అద్దాల గదిలకొచ్చినం.

నాకు ఒక్కటే లెక్క తెగుతలేదు. నాడె ద్వారనే పోయింటే ఎనిమిదింటికే, మొదటి కండెకే పడిపోవాలె. ఎనిమిదీ యాభై దాక ఎందుకు ఆగింది? గంగయ్యను అదే అడిగిన, విషం మాట ఎత్తకుంట. మంగళవారం పద్నాలుగో మగ్గం మీద నడుమల ఏమన్న మార్చినవా కాకా?

"మార్చిన. ఎనిమిదీ నలభై అయిదుకు కొత్త నాడె ఇచ్చిన. పాతదాని ముక్కు పగిలింది."

"మామకు యాది తక్కువ," అన్నడు సాగర్.

"ఏది ఆ కొత్త నాడె?" అన్న.

సాగరే జవాబు చెప్పిండు. పనోళ్లు భయపడ్తున్నరని మంగళవారం సాయంత్రమే మగ్గంల ఉన్న నాడె తీసి పొయ్యిల ఏసిండట. సురేందర్ తల ఊపిండు, అయిపోయింది ఇగ పోదమన్నట్టు. బూడిదతోటి ఎవన్ని పట్టుకోను?

గంగయ్యకు మాత్రం కోపమొచ్చింది. అల్లునికి పని తెల్వదని నలుగుట్ల చెప్పుడంటే ఆయనకు సంబురం లెక్కున్నది.

"నువ్వు పొయ్యిల ఏసింది పాతదిరా. మగ్గం నడుస్తలేదని నేను పగటాల్లనే కొత్తది తీసి పాతది పెట్టిన. ఊకె నిలవడ్డ మగ్గంల మంచి నాడె ఎవడన్న పెడ్తడా? అది నా సామాన్ల పెట్టెల ఉన్నది."

పోయి తెచ్చిండు. కొత్త కట్టె, మెరిసే ఇనుప ముక్కులు. కన్ను చుట్టు మాత్రం సన్నటి పొర, చీమిడి ఎండినట్టు. సాగర్ మొఖం నేను చూస్తనే ఉన్న. ఫోను మీది వేలు ఆగింది.

సురేందర్ నవ్విండు. కట్టె ముక్కల విషం ఎతుకుతున్నది, రేపు మగ్గాన్ని కూడ అరెస్టు చేయమంటది అన్నడు. ఆ నవ్వు నాకు తగలలే. గంగయ్యకు తగిలింది.

"నేనిచ్చిన నాడెల విషమంటరా? నలభై ఏండ్లాయె మేస్త్రీతనం చేయవట్టి. చూడుండ్రి మల్ల," అని ఎడమ చేత పట్టుకొని మూతి కాడికి తీసుకపోయిండు.

ఆపుదమని నా చెయ్యి లేసింది. నాకంటె ముందు సాగర్ లేసిండు. కుర్చీ ఎన్కకు పడ్డది. గంగయ్య చేతి మీద ఆయన కొట్టిన దెబ్బకు నాడె పోయి అద్దానికి తగిలి కింద పడ్డది.

"మామా, నోట్ల పెట్టకు."

అద్దం అవుతల మగ్గాలు కొట్టుకుంటనే ఉన్నయి.

సాగర్ మొదలువెట్టిండు. మామకు బీపీ ఉన్నది, అది మురికిగ ఉన్నది, అందుకని అన్నడు.

"అవుతల నలభై మగ్గాల మీద మురికి నాడెలే పీలుస్తున్నరు సేటూ. పుట్టినకాడికెల్లి ఒక్కని చెయ్యన్న కొట్టినవా?"

గంగయ్య నాడె దిక్కు చూసిండు, అల్లుని దిక్కు చూసిండు. మెల్లగ, వేరే ఎవ్వరు లేనట్టు అన్నడు: "నువ్వే గదరా ఇచ్చినవు. పాతది నీ చేతుల్నే పగిలిందంటివి. కొత్తది బాలయ్యకే ఇయ్యి, పద్నాలుగుకే పెట్టు అంటివి." గోడకు ఆనుకొని కింద కూసొని ఏడ్వవట్టిండు.

నేను సురేందర్ ముందట నా చీటీ పెట్టిన. మంగళవారం పన్నెండింటికి సాగర్ నీకు చెట్టు పేరు చెప్పిండు. నువ్వే చెప్పినవు పొద్దుగాల. డాక్టరుకు ఆ చెట్టని తెలిసింది బుధవారం ఆరింటికి. ఒక దినం ముందు ఈయనకు ఎవరు చెప్పిన్రు సారూ? ఏ పుస్తకంల చదివిండు? నీ కాగితంల మూగచెట్టు అని రాసి ఉన్నది. కోరుట్లల నర్సరీ నడిపేటామెకు కూడ ఆ పేరు తెల్వది. ఆ చెట్టు ఎందుకు పనికొస్తదో చూసుకొని కొనుక్కున్నోడు పెట్టుకున్న పేరది. దాన్ని ఒక కూలిపిల్ల నోట్ల పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చినవు.

ఆయన చీటీ చదివిండు. మల్ల చదివిండు. ఇరవై తొమ్మిదేండ్ల పోలీసు మొఖం మీద మొదటిసారి ఏం పెట్టుకోవాల్నో తెల్వక ఖాళీగున్నది. నాడెను నేను చేతిరుమాలుతోటి ఎత్తి ప్లాస్టిక్ కవరుల పెట్టిన.

గప్పుడు ఫోన్ మోగింది. స్వరూప. టైము నాలుగూ పది. నాకు ఇనవడాల్నని అరుసుకుంట మాట్లాడుతున్నది. సేటు పంపిన్రని ఒక బండి వచ్చిందట. హైదరాబాదుల పెద్ద దవాఖానకు తీసుకపోతమని బాలయ్యను స్ట్రెచ్చరు మీద ఏసిన్రట. ఏ కాగితమో చదివి చెప్పకుంట లింగవ్వతోటి బొటనవేలు పెట్టిచ్చుకున్నరట. నర్సమ్మ అడ్డం చెప్తే, ఇంటోళ్లు ఒప్పుకున్నరు, నీకేంది అన్నరట.

"నేను బండి చక్రం ముందట కూసున్న అక్కా," అన్నది. "ఇంజిను నడుస్తనే ఉన్నది. జల్ది రా."

ఫోను స్పీకరుల ఉన్నది. సాగర్ ఇన్నడు. కుర్చీ లేపుకొని మల్ల కూసున్నడు, గొంతు కూడ సదురుకున్నడు.

"మంచి వైద్యం చేపిద్దమనుకున్న. అదీ తప్పేనా?"

తప్పు కాదు, హత్యాయత్నానికి రెండో భాగం అన్న. అయిదింటికి బాలయ్య సిద్దిపేట రోడ్డు మీద ఉంటే మొగిలవ్వ ఫైలు మూసుకపోతది, ఆమె పనిలనే లేదని తేలుతది, స్వరూప జైలుల ఉంటది, ఈయన రేపు ఇంకో నాడె కొంటడు. సురేందర్ కారు తాళం చేతి చుట్టు తిప్పుతున్నడు. ఆ తాళం మీద చెయ్యేసి ఆపిన.

"సారూ, నువ్వు ఎవని దిక్కు నిలవడ్తవో నాకు అక్కర లేదు. దారిల ఆలోచించుకో. ఇప్పుడు మాత్రం చెప్పినట్టు చెయ్యి. పోలీసులల్ల నీ మాట ఇంక నడుస్తది గదా, ఆ బండిని దవాఖాన గేటు దాటనీయొద్దని చెప్పు. ఒకన్ని ఇక్కడికి పంపుమను, ఆ కుండీ, ఈ నాడె, ఈ మనిషి, మూడు ఇక్కడ్నే ఉండాలె. గంగయ్య ఏమన్నడో ఆయన ఏడుపు ఆగకముందే రాసుకోవాలె. విచారణ అధికారి ఫోన్ నంబరు నీకు తెలుసు. అయిదింటికి ఆఫీసుల కుర్చీల కూసొని సాక్షి రాలేదని రాసుడు కాదు, మంచం కాడికి రావాలె. మాట రానోడు సైగలతోటి చెప్పినా నోటితోటి చెప్పినట్టే అని చట్టంలనే ఉన్నది, నేను పాత పుస్తకంల చదివిన, నువ్వు కొత్తదాంట్ల చదివి ఉంటవు. సైగ అర్థంగాకపోతే నేనున్న, మగ్గం నడిపినోళ్లు సిరిసిల్లల ఇంటికొకలున్నరు. మొగిలవ్వ ఎట్ల సచ్చిందో బాలయ్య చూపిస్తడు. ఆ అధికారి రాసుకోవాలె, ఇయ్యాలనే, అయిదు గొట్టకముందే. నలభై ఎనిమిది నిమిషాలున్నయి. లే, బండి తియ్యి."